బంతి భోజనాల మధ్య ఈటింగ్ డిజార్డర్: చిన్నచూపును తట్టుకొనే పద్ధతులు

మన ఇళ్లలో మనిషి కనబడగానే అడిగే మొదటి మాట "భోంచేశారా?" అన్నదే. అడిగేవారికి అది పలకరింపు, అడగకపోతే మర్యాద తప్పినట్టు. తిండి దగ్గరే జబ్బు పడిన, అంటే ఈటింగ్ డిజార్డర్ ఉన్న మనిషికి మాత్రం ఆ మాట రోజుకు పదిసార్లు ఎదురయ్యే పరీక్ష, ఎందుకంటే తిన్నానంటే చాలాసార్లు అది అబద్ధం, తినలేదంటే విచారణ మొదలవుతుంది. జ్వరం వచ్చినవారిని ఎవరూ నిందించరు, కాలు విరిగినవారిని కావాలని విరగ్గొట్టుకున్నావని ఎవరూ అనరు; తిండి దగ్గర తేడా వస్తే మాత్రం అది పొగరుగానో, వేషంగానో, అన్నమంటే గౌరవం లేకపోవడంగానో, నాలుక మీద అదుపు లేకపోవడంగానో లెక్కకు వస్తుంది. ఆ లెక్క మధ్య ఎలా మసలుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం. జబ్బును నయం చేయడం డాక్టర్ల పని. వారి దగ్గరికి పోనివ్వకుండా మనిషిని గడప దగ్గరే పట్టి ఆపే సిగ్గు గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. ఈ జబ్బుల్లో ఒకటైన బులీమియాతో కొన్నేళ్లు గడిపి బయటపడినదాన్ని గనుక, కొన్ని మాటలు నా అనుభవం నుంచి వస్తాయి. బరువుల అంకెలు, కేలరీల అంకెలు ఎక్కడా ఉండవు, ఎందుకంటే ఈ జబ్బులో ఉన్నవారు అలాంటి అంకె ఒకటి కంటబడితే దానితో పోల్చుకోకుండా ఉండలేరు.

మూడు జబ్బులు, మూడు రకాల మాటలు

మీ మీద పడుతున్న మాట ఏ రకానిదో ముందు గుర్తుపట్టాలి, ఎందుకంటే ఈటింగ్ డిజార్డర్ అన్న పేరు కింద ఉన్న జబ్బులన్నిటికీ లోకం ఒకే నింద వేయదు. అనొరెక్సియాలో మనిషి తిండి తగ్గించుకుంటూ పోయి, ఒళ్లు శల్యమైపోతున్నా ఇంకా లావుగానే ఉన్నానన్న భయంతో బతుకుతాడు. అతని మీద పడే నింద మొండితనం, నలుగురి కళ్లూ తన మీదే ఉండాలన్న ఆరాటం. బులీమియాలో అదుపు తప్పి తినడం, తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలన్న తపన ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇక్కడ నింద కంటే అసహ్యం ఎక్కువ, అందుకే దీన్ని ఏళ్ల తరబడి దాచిపెడతారు. చాలామంది మామూలు ఒడ్డూ పొడుగుతోనే కనబడతారు గనుక దాచడం కుదురుతుంది కూడా. బింజ్ ఈటింగ్ డిజార్డర్‌లో ఆకలితో నిమిత్తం లేకుండా, కడుపు నొప్పి పుట్టేదాకా, తరచుగా ఒంటరిగా తిని, ఆ తర్వాత కుంగిపోవడం ఉంటుంది. దీనికి మన భాషలో "తిండిపోతు" అన్న బిరుదు ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. "తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అన్న సామెతకు నవ్వని ఇల్లు లేదు. ఆ నవ్వు ఎవరికి గుచ్చుకుందో చూసుకున్న ఇల్లూ అరుదే.

పొగడ్త కూడా చిన్నచూపులో భాగమేనన్న సంగతి చాలామందికి తట్టదు. "భలే సన్నబడ్డావే, ఏం చేశావో మాకూ చెప్పు" అని అడిగే వదినకు దురుద్దేశం ఉండదు. కానీ విన్నవారికి అర్థమయ్యేది ఏమిటంటే, తనను చంపుతున్న జబ్బును లోకం ఒక ఘనకార్యంగా చూస్తోందని, దానికి చికిత్స తీసుకుంటే ఆ గౌరవం పోతుందని. తిట్టు కంటే ఇది ప్రమాదం. తిట్టుకు కోపమైనా వస్తుంది, పొగడ్తకు జబ్బు బలపడుతుంది.

ఇవన్నీ సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన డబ్బున్నవాళ్ల రోగాలని తేల్చేసేవారు కూడా ఎదురవుతారు. 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో ఛార్లెస్ లసేగ్ అనొరెక్సియాను వేర్వేరుగా వర్ణించారు. బులీమియాను విడి జబ్బుగా 1979లో జెరాల్డ్ రసెల్ గుర్తించారు. బింజ్ ఈటింగ్‌కు మాత్రం 2013 దాకా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి మానసిక జబ్బుల జాబితాలో ప్రత్యేక స్థానం దక్కలేదు, అంటే ఎన్నో తరాల మనుషులు పేరు లేని జబ్బుతో, తిండిపోతులన్న పేరుతో బతికి వెళ్లిపోయారన్నమాట. ఇంకొక సంగతి: హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు, లావైపోతామన్న భయం ఏమాత్రం లేకుండా, కడుపు ఉబ్బరంగా ఉందనో ముద్ద దిగడం లేదనో చెప్పి తిండి మానేసే అనొరెక్సియా రోగులను గురించి రాశారు. మన దేశపు డాక్టర్లు కూడా ఇటువంటివారిని చూశారు. కాబట్టి మీ బాధ ఇంటర్నెట్టులో రాసిన లక్షణాలకు అచ్చంగా సరిపోనంత మాత్రాన అది జబ్బు కాకుండా పోదు.

లోపల మాట్లాడే గొంతు

బయటివారి మాటలు కొన్నాళ్లు విన్నాక వాటిని పలకడానికి బయటివారి అవసరం ఉండదు. "నాకే మనసు గట్టిగా లేదు", "అన్నం దొరకనివారు ఎందరో ఉండగా నాకీ వేషమేమిటి", "నేను చికిత్సకు కూడా తగను" అని మనమే మనతో అనడం మొదలుపెడతాం. వైద్యుడి దగ్గరికి వెళ్లకుండా ఎక్కువమందిని ఆపేది ఈ గొంతేనని నా అభిప్రాయం. దీనికి నేను నేర్చుకున్న పద్ధతి చాలా మామూలుది. ఒక నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మడిచి, ఎడమ వైపు ఆ గొంతు అన్న మాటను అన్నది అన్నట్టుగా, మర్యాదలు చేర్చకుండా రాయాలి. కుడి వైపు, అదే జబ్బుతో మీ చెల్లెలు ఉంటే ఆ మాటకు మీరేం జవాబు చెబుతారో రాయాలి. మొదటి వారం రోజులు కుడి వైపు ఖాళీగా ఉండిపోవచ్చు. నాకు తొమ్మిది రోజులు ఖాళీగానే ఉంది, పదో రోజు రాసిన జవాబు "పిచ్చిపిల్లా, నిద్రపో" అన్న రెండు మాటలే.

ఆ కుడి వైపు నింపడానికి కొన్ని నిజాలు చేతిలో ఉంటే మంచిది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధంలో పాల్గొనడానికి నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి ఇష్టంతోనే, ఆరు నెలల పాటు అర్ధాకలితో ఉంచి పరిశీలించారు. అంతకుముందు తిండి గురించి పెద్దగా ఆలోచించని ఆ మనుషులు పగలూ రాత్రీ తిండి గురించే మాట్లాడసాగారు, వంటల పుస్తకాలు చదివారు, పళ్లెంలోని కొంచెం ఆహారాన్ని ముక్కలు చేసి గంటల తరబడి సాగదీసి తిన్నారు, చిరాకుపడ్డారు, స్నేహితులకు దూరమయ్యారు. మళ్లీ తిండి పెట్టడం మొదలుపెట్టాక కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. వారిలో ఎవరికీ మనసు గట్టిగా లేకపోవడమన్న జబ్బు లేదు. పస్తు పడిన మెదడు అలాగే నడుస్తుంది. ఇంట్లో ఎవరూ చూడకుండా అర్ధరాత్రి డబ్బాలు తెరిచిన మనిషి ఈ సంగతి తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

అలాగే 2019లో వెలువడిన ఒక పెద్ద జన్యు పరిశోధన అనొరెక్సియాతో సంబంధమున్న ఎనిమిది స్థానాలను మానవ జన్యువుల్లో గుర్తించింది, ఈ జబ్బు మూలాలు మనసులోనే కాక శరీరం శక్తిని వాడుకొనే తీరులో కూడా ఉండవచ్చని సూచించింది. ఈ నిజాన్ని మాత్రం జాగ్రత్తగా వాడుకోవాలి. "ఇది పుట్టుకతో వచ్చింది" అని చెబితే నింద తగ్గుతుంది గాని, "అయితే ఇక పోదన్నమాట" అన్న నిరాశ వినేవారిలోనూ చెప్పేవారిలోనూ పెరుగుతుందని చిన్నచూపు మీద పరిశోధన చేసినవారు గమనించారు. అందుచేత ఆ మాట అన్నప్పుడల్లా, చికిత్సతో కోలుకున్నవారు చాలామంది ఉన్నారన్న మాటను కూడా వెంటనే చేర్చండి, రెండూ నిజాలే.

డాక్టరు గది తలుపు

చిన్నచూపు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోతుందని అనుకోవద్దు. నేను మొదట వెళ్లిన చోట డాక్టరుగారు ఫైలు మూసేసి, నవ్వుతూ, "చదువుకున్న పిల్లవి, అన్నం విలువ తెలియదా అమ్మా?" అన్నారు. పక్కనే కూర్చున్న మా అమ్మ తలదించుకుంది. తిరిగి రెండేళ్ల దాకా నేను ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. చివరికి నా జబ్బును కనిపెట్టినది పళ్ల డాక్టరు, ముందు పళ్ల వెనక వైపు ఎనామెల్ అరిగిపోయిన తీరు చూసి, నర్సును బయటికి పంపి, గొంతు తగ్గించి, "తిన్నది తరచుగా కక్కుకుంటున్నారా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో నింద లేదు, అంతే, నేను ఏడ్చేశాను. కడుపు నొప్పికి గ్యాస్ట్రో డాక్టరు, నెలసరి ఆగిపోయినందుకు గైనకాలజిస్టు, పంటికి డెంటిస్టు అని తిరుగుతున్నవారు వారిలో ఎవరికైనా అసలు విషయం చెప్పవచ్చునన్నది నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతి.

ఓపీలో కుర్చీ ఎక్కగానే నోరు పెగలదు గనుక, చెప్పవలసినది ఇంటి దగ్గరే నాలుగు వాక్యాల్లో రాసుకొని కాగితం డాక్టరు చేతికి ఇవ్వండి: ఎప్పటి నుంచి, వారానికి ఎన్నిసార్లు, కళ్లు తిరగడం, గుండె దడ వంటివి ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు. మనతో పాటు అమ్మో అత్తగారో గదిలోకి రావడం మన దగ్గర రివాజు. "డాక్టరుగారూ, అయిదు నిమిషాలు నేను విడిగా మాట్లాడాలి" అని అడిగితే ఎవరూ కాదనరు. తిన్నది కక్కేసే అలవాటు ఉంటే రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, చాలా రోజులు తిండి మానేసినవారికి ఒక్కసారిగా పెట్టినా ప్రాణాపాయమే. కాబట్టి రక్తపరీక్ష, ఇసిజి చేయించమని మీరే అడగండి. మానసిక రుగ్మతలన్నిటిలోకీ మరణాలు ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటన్న సంగతి తెలిసినవారు దీన్ని వేషమని అనలేరు. ఒక డాక్టరు తేలికగా తీసిపారేస్తే అది ఆ ఒక్కరి తీర్పు; ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, నాలాగా రెండేళ్లు ఆగవద్దు.

సైకియాట్రిస్టు అన్న మాటకే ఇంట్లో పిడుగు పడినట్టవుతుంది. హైదరాబాదులో "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అన్నది తిట్టు. ఒక ఆసుపత్రి ఉన్న పేట పేరే తిట్టుగా మారిన చోట అక్కడి చీటీ చేతిలో పట్టుకొని బస్సెక్కడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలోనూ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ రోజూ ఓపీకి వచ్చి మందులు తీసుకొని సాయంత్రానికి ఇంటికి పోయేవారు ఎందరో ఉంటారు. వెళ్తే గదిలో పెట్టి తాళం వేస్తారన్న భయం అక్కర్లేదు. పెద్ద జనరల్ ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కూడా సైకియాట్రీ విభాగం ఉంటుంది, అక్కడైతే ఎవరైనా చూసినా ఏ డాక్టరు కోసం వచ్చారో తెలియదు. అడుగు బయట పెట్టడమే కష్టంగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ అది. ఖర్చు లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా ఇదే నంబరు, స్పృహ తప్పడమో గుండెలో నొప్పో వస్తే మాత్రం 108.

ఎవరికి ఎంత

నాకు తెలిసినంతలో చిన్నచూపును తట్టుకోవడంలో సగం భాగం ఈ ఒక్క నిర్ణయంలోనే ఉంది: ఎవరికి, ఎంత, ఎప్పుడు చెప్పాలో మాట వచ్చాక కాక మాట రాకముందే నిర్ణయించుకోవడం. అందరికీ చెప్పడం ధైర్యం, దాచడం పిరికితనం అన్న లెక్క సరికాదు. పేరుతో సహా మొత్తం తెలియవలసినవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు: రోజూ మీతో భోజనానికి కూర్చునేవారు, ఆసుపత్రికి తోడు రాగలిగినవారు, విన్నది నలుగురిలో వేయనివారు. ఆ వెనక వరుసలో, ఆరోగ్యం బాగోలేదని, మందులు వాడుతున్నామని తెలిస్తే సరిపోయేవారు ఉంటారు: హాస్టల్ వార్డెన్, ఆఫీసులో మేనేజరు, అత్తింటి పెద్దలు. మిగిలినవారికి ఏమీ తెలియనక్కర్లేదు.

మొదటి వరుసవారికి చెప్పేటప్పుడు భోజనం వేళ చెప్పకండి. పనులన్నీ తీరిన సాయంత్రం, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చునే చోటు, అంటే బస్సు ప్రయాణమో, డాబా మీద వడియాలు ఎత్తే పనో మంచిది. కళ్లలోకి చూడనక్కర్లేనప్పుడు మాట సులువుగా వస్తుంది. జబ్బు పేరు, అది జబ్బేనన్న మాట, వారి వల్ల మీకు కావలసిన ఒక్క సాయం, ఈ మూడూ చెబితే చాలు. "అమ్మా, నాకు బులీమియా అనే జబ్బు ఉంది. నువ్వు పెంచిన తీరు వల్ల వచ్చింది కాదు. నేను తిన్నాక అరగంట సేపు నాతో కూర్చుని ఏదో ఒకటి మాట్లాడు, అంతకు మించి ఏమీ అడగకు" అని నేను అన్నాను. మా అమ్మ వెంటనే అన్న మాట "ఎవరికీ చెప్పకు" అన్నదే. అది నన్ను చాలా రోజులు బాధించింది. తర్వాత తర్వాత అర్థమైంది, అది నా మీద చిన్నచూపు కాదు, తన పెంపకం మీద ఊరు వేయబోయే మాటకు భయం. తొలిసారి చెప్పినప్పుడు వచ్చిన మాటను ఆఖరి మాటగా తీసుకోకుండా, పది రోజులు ఆగి మళ్లీ కదపండి.

రెండో వరుసవారికి చెప్పే మాటలో అబద్ధం ఉండనక్కర్లేదు. "ఒంట్లో బాగోలేదు, డాక్టరుగారి దగ్గర చూపించుకుంటున్నాను, ఆయన చెప్పిన ప్రకారమే తింటున్నాను" అన్నది పూర్తిగా నిజం. "డైటింగ్‌లో ఉన్నాను" అని మాత్రం ఎన్నటికీ అనవద్దు. ఆ క్షణానికి అది గట్టెక్కిస్తుంది, కానీ ఆ మాటకు మెచ్చుకోలు వస్తుంది, ఆ మెచ్చుకోలు తిన్నగా జబ్బు ఖాతాలోకి పోతుంది.

బంతిలో కూర్చున్నప్పుడు

మా మేనమామ కూతురి పెళ్లిలో రెండో బంతి. అరిటాకు మీద ఉప్పు పక్కన పులిహోర, పనసపొట్టు కూర, పూర్ణాలు పడ్డాయి. వడ్డన పర్యవేక్షిస్తున్న మా పెద్దమ్మ నా ఆకు ముందు ఆగి, నెయ్యి గిన్నెతో సహా వంగి, "ఏమే, పూర్ణం ముట్టుకోలేదేం? ఇప్పటికే ఒళ్లు చేశావని మానేస్తున్నావా?" అంది. వరుసలో ఉన్నవారంతా నవ్వారు. నేను మూడు పూర్ణాలు తిన్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో ఈ జబ్బు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. చిన్నచూపు మన దగ్గర ఎక్కువగా ఇలా, ప్రేమ చేతిలోని గరిటెతోనే వస్తుంది. అందుకే దాని మీద తిరగబడడం కష్టం, తిరగబడితే తప్పు మనదే అవుతుంది.

ఇటువంటి చోటికి వెళ్లక తప్పనప్పుడు నేను ఇప్పుడు చేసేది ఇది. సంగతి తెలిసిన మనిషి ఒకరు, నా విషయంలో మా పిన్ని, నా పక్క ఆకు దగ్గర కూర్చునేలా ముందే మాట్లాడుకుంటాను. ఆకలి పెంచుకొని వెళ్లను. ఇంటి దగ్గర తినవలసిన వేళకు తినే బయలుదేరతాను, ఎందుకంటే పస్తుతో వెళ్లిన రోజే అదుపు తప్పుతుంది. నోటికి పట్టేలా రెండు వాక్యాలు ముందు రోజే పైకి అనుకుంటాను. ఒకటి మెత్తనిది: "నాకు కావలసింది అడిగి వేయించుకుంటాను పెద్దమ్మా, ముందు మీరు భోంచేయండి." ఇది మాటను పెద్దల భోజనం మీదికి మళ్లిస్తుంది, మర్యాదా తగ్గదు. రెండోది గట్టిది: "నా ఒంటి గురించి వద్దు అత్తయ్యా, ఇంకేదైనా చెప్పండి." దీన్ని నవ్వకుండా, గొంతు పెంచకుండా, ఒక్కసారే అని ఊరుకోవాలి. వెంటనే సంజాయిషీ ఇవ్వడం మొదలుపెడితే ఆ వాక్యం బలం పోతుంది. ఆ తర్వాత కాసేపు బిగుసుకున్న వాతావరణం ఉంటుంది. మజ్జిగ వచ్చేసరికి సర్దుకుంటుంది.

లేచాక ఒంటరిగా ఉండకూడదు. పిన్నితో కలిసి పీటల దగ్గరికి వెళ్లి కూర్చోవడమో, పసిపిల్లవాడిని ఎత్తుకోవడమో చేయాలి. ఒకవేళ ఆ రోజు జారిపోతే, ఆ సంగతి మర్నాడు మీ కౌన్సెలర్‌కు చెప్పండి, నోటుపుస్తకంలో ఎడమ వైపు వచ్చిన మాట రాయండి, తర్వాతి పూట మామూలుగా తినండి. జారిన దానికి శిక్షగా పస్తుంటే మళ్లీ జారడానికి దారి వేసినట్టే.

ఉపవాసం చాటు

కార్తీకమాసంలోనూ, ఏకాదశులకూ, శనివారాలకూ జబ్బు భక్తి ముసుగు వేసుకుంటుంది. ఉపవాసం ఉన్నానంటే ఎవరూ ప్రశ్నించరు, పైగా చేతులెత్తి మొక్కుతారు. చిన్నచూపు నుంచి ఇంత చవకగా దొరికే రక్షణ ఇంకొకటి లేదు గనుకనే ఇది ప్రమాదం. రోగులకు, బాలలకు, వృద్ధులకు, గర్భిణులకు ఉపవాస నియమం సడలింపు ఉందని మన పెద్దలే చెబుతారు, రంజాన్ ఉపవాసాల్లోనూ జబ్బుపడినవారికి మినహాయింపు ఉంది. "డాక్టరుగారు ఉపవాసం కూడదన్నారు, ఈసారి దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంటాను" అని ఇంట్లో పెద్దావిడకు చెప్పండి. మా అమ్మమ్మ ఈ మాట విని, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, ఒత్తులు చేసే పని నాకు అప్పగించింది.

పెళ్లి సంబంధాలు, మగపిల్లలు

పెళ్లి మాటలు నడుస్తున్న ఇంట్లో ఆడపిల్ల ఒళ్లు ఊరుమ్మడి ఆస్తి అయిపోతుంది. ఫొటోకు ముందు తగ్గమనేవారే పెళ్లయ్యాక కాస్త ఒళ్లు చేయమంటారు. కాబోయే మనిషికి ఈ జబ్బు సంగతి చెప్పాలా అని చాలామంది అడుగుతారు. నా మాట అడిగితే, చికిత్స నడుస్తున్నప్పుడైతే చెప్పాలి, తాంబూలాలు పుచ్చుకోకముందే చెప్పాలి, మధ్యవర్తి చేత కాక మీ నోటితో మీరే చెప్పాలి. విని వెనక్కి తగ్గినవారు తర్వాత చేయబోయే పనిని ముందే చేశారనుకోవచ్చు.

మగవారి సంగతి ఇంకొక రకం. ఇది ఆడపిల్లల జబ్బన్న నమ్మకం వల్ల కుర్రవాళ్లు ఏళ్ల తరబడి బయటపడరు. జిమ్ములో గంటల తరబడి గడపడం, కండలు చాలలేదన్న తపనతో తిండిని మందులా కొలిచి తినడం, ఒకపూట తప్పితే ప్రాణం పోయినట్టు బాధపడడం పట్టుదలగా మెచ్చుకోలు పొందుతాయి. మిన్నెసోటాలో పరిశీలించిన 36 మందీ మగవారేనని ఇటువంటివారికి గుర్తు చేయడం మంచిది.

చట్టం ఇచ్చే అండ

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ జబ్బు వివరాలను గోప్యంగా ఉంచమనడం మీ హక్కు. ప్రాణాపాయం, కోర్టు ఉత్తర్వు వంటి కొన్ని సందర్భాలు మాత్రమే దానికి మినహాయింపు. ఆఫీసుకో కాలేజీకో సెలవు సర్టిఫికెట్ కావలసినప్పుడు, విశ్రాంతి ఎన్ని రోజులో చాలు, జబ్బు పేరు వద్దని డాక్టరుగారిని అడగండి. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బుల చికిత్సకూ బీమా ఇవ్వాలని అదే చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది, 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆ మేరకు ఆదేశాలిచ్చింది. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. అమెరికాలో చదువుకొనే తెలుగు పిల్లలకు, ఇండియాలో అమ్మానాన్నలకు తెలిసిపోతుందన్న భయమే పెద్దది. పద్దెనిమిదేళ్లు నిండిన వ్యక్తి చికిత్స వివరాలను అతని అనుమతి లేకుండా అక్కడ సాధారణంగా తల్లిదండ్రులకు చెప్పరు, క్యాంపస్‌లోని కౌన్సెలింగ్ కేంద్రంతో మొదలుపెట్టవచ్చు.

తోటివారు

పుస్తకాలు, ఉపన్యాసాల కంటే కోలుకున్న మనిషిని ఎదురుగా చూసి మాట్లాడడం పెద్దవారిలో చిన్నచూపును ఎక్కువగా తగ్గిస్తుందని పరిశోధకులు గమనించారు. 1995లో బ్రిటన్ యువరాణి డయానా టీవీ ఇంటర్వ్యూలో తన బులీమియా గురించి మాట్లాడి, అది రహస్యంగా మోసే జబ్బని చెప్పింది. మీరు టీవీ దాకా పోనక్కర్లేదు. మీ కౌన్సెలర్‌ను అడిగితే కోలుకున్నవారిలో ఎవరితోనైనా మాట్లాడించగలరేమో కనుక్కోవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఒకటి గమనించుకోండి: బరువు అంకెలు, ముందూ తర్వాతా ఫొటోలు తిరిగే గ్రూపు సాయం చేసేది కాదు, పోటీ పెట్టేది. మీ ఫొటో అలా పెట్టాలనిపించినా ఒక ఏడాది ఆగండి.

ఇంట్లోవారి చేతికి ఇవ్వవలసిన పేరా

ఈ ఒక్క భాగాన్ని అమ్మానాన్నలకు చూపించండి. మీ పిల్లకు ఈ జబ్బు మీ పెంపకం వల్ల రాలేదు. లండన్‌లోని మాడ్‌స్లే ఆసుపత్రిలో రూపుదిద్దుకొన్న కుటుంబ చికిత్సలో, తల్లిదండ్రుల మీద నింద వేయకుండా, పిల్లల భోజనాన్ని తిరిగి నిలబెట్టే పని వారి చేతికే ఇస్తారు. ఎంత తిన్నావు, ఎందుకు వదిలేశావు అని బంధువుల ఎదుట అడగకండి. బాగా కనబడుతున్నావని కూడా అనకండి. ఆ చెవికి అది "లావయ్యావు" అని వినిపిస్తుంది. పక్కింటి పిల్ల ఒంటి గురించి, మీ సొంత ఒంటి గురించి కూడా భోజనాల దగ్గర మాట్లాడుకోవద్దు. ఎవరైనా అడిగితే "డాక్టరు చూస్తున్నారు" అని మీరే జవాబు చెప్పండి, పిల్ల చేత చెప్పించకండి.

ఏం మాట్లాడాలో తెలియకపోతే పని చెప్పండి. మా అమ్మమ్మకు నా జబ్బు పేరు ఇప్పటికీ నోరు తిరగదు. మొదట్లో ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏం తిన్నావే?" అని అడిగేది. ఒకసారి నేను జవాబు చెప్పకుండా ఊరుకుంటే, చాలాసేపు తనూ ఊరుకుంది. ఇప్పుడు, "రేపు ఆవకాయకు కాయలు తుడవాలి, పొద్దున్నే వచ్చెయ్" అంటుంది. వెళ్తాను, ఇద్దరం చాప మీద కూర్చుని కాయలు తుడుస్తాం, పన్నెండున్నరకు ఆవిడ లేచి రెండు కంచాలు పెడుతుంది.